ఆ ఒక్క బిడ్డ కోసం వంట మార్చాలా?

హిందూపురంలోగానీ పెనుకొండలోగానీ ధర్మవరంలోగానీ ఒక ఇంట్లో బిడ్డ పుట్టినరోజు జరిగితే పళ్లెంలో ఏముంటుందో ఈ ప్రాంతంవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక కేకు ముక్క, గుప్పెడు మిక్చరు, ఒక లడ్డు, నాలుగు చిప్సు, ఒక చాక్లెట్టు. కొంచెం ఘనంగా చేసేవాళ్లయితే చిత్రాన్నమో పలావో, దానికి తోడు కుర్మా. మిక్చరులో చెనక్కాయ (వేరుశనగ) గింజలు ఉంటాయి. చిత్రాన్నం తిరగమోతలో ఉంటాయి. కుర్మా చిక్కగా రావడానికి కొందరు జీడిపప్పు రుబ్బి పోస్తారు, ఖర్చు చూసుకునేవాళ్లు చెనక్కాయ గింజలే రుబ్బి పోస్తారు. కేకులో మైదా, పాలు, గుడ్డు. లడ్డులో శనగపిండి, నెయ్యి, జీడిపప్పు. చాక్లెట్టులో పాలపొడి, ఒక్కోసారి బాదం. ఈ పళ్లెం చెనక్కాయ అలర్జీ ఉన్న బిడ్డ చేతికి వస్తే ఆ తల్లి ఏం చేస్తుంది? మిక్చరు పక్కకు తోస్తుంది, చిత్రాన్నంలోంచి గింజలు ఏరుతుంది, చివరికి చిప్సు మాత్రం తినమంటుంది. ఆ చిప్సు కూడా మిక్చరు పక్కనే, అదే కాగితం పళ్లెంలో, అదే చేత్తో వడ్డించినవే.

ఈ అధ్యాయంలో వాదించేది ఒక్క విషయం. అలర్జీ ఉన్న బిడ్డను పుట్టినరోజుకు పిలిచినప్పుడు ఆ బిడ్డకు వేరే పళ్లెం పెట్టి ఊరుకోకూడదు. అందరూ తినే వంటనే ఆ బిడ్డ కూడా తినగలిగేలా మార్చాలి. ఇది ఆ కుటుంబానికి చేసే ఉపకారమని అనుకోనక్కర్లేదు. బిడ్డ ప్రాణానికి భరోసా కావాలన్నా, పిలిచినవాళ్ల పని తేలిక కావాలన్నా ఇదే దారి. ఈ మాట వినగానే చాలామందికి కొన్ని అభ్యంతరాలు వస్తాయి. వాటిలో కొన్నింటికి బలముంది. అందుకే ఒక్కొక్కటిగా తీసుకుని జవాబు చెప్పుకోవాలి.

ముందు జబ్బు సంగతి తేల్చుకుందాం. పాలు తాగితే కడుపు ఉబ్బరించడం వేరు, పాల అలర్జీ వేరు. మొదటిదానిలో పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పేగులకు చాలదు. కడుపునొప్పి, విరేచనాలు వచ్చి తగ్గిపోతాయి. రెండోదానిలో మన రోగనిరోధక వ్యవస్థ పాలలోని ప్రోటీనును హాని చేసేదిగా పొరబడి దానిమీద విరుచుకుపడుతుంది. తిన్న కొద్ది నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో, ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి, పెదవులు, కళ్లు వాస్తాయి, వాంతులవుతాయి. ముదిరితే గొంతు బొంగురుపోయి, ఊపిరి అందక, రక్తపోటు పడిపోయి బిడ్డ వాలిపోతుంది. ఈ ముదిరిన దశనే డాక్టర్లు అనాఫిలాక్సిస్ అంటారు. చాలాసార్లు దద్దుర్లతోనే ఆగిపోతుందన్నది నిజమే. కానీ పోయినసారి దద్దుర్లతో ఆగింది గనక ఈసారీ అక్కడే ఆగుతుందని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడు. కొందరు పిల్లలకు గింజలో చిన్న తునక చాలు.

మొదటి అభ్యంతరం: ఇది విదేశాల జబ్బు, మన దగ్గర ఎక్కడుంది? ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే లెక్కలు చాలావరకు దీన్నే బలపరుస్తున్నాయి. మనకు పొరుగునే ఉన్న కర్ణాటకలో బడిపిల్లల మీద యూరోప్రివాల్ అనే అంతర్జాతీయ పరిశోధనలో భాగంగా ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 2020లో వెలువడ్డాయి. దాని ప్రకారం అక్కడ ఆహార అలర్జీ ఉందని దాదాపుగా తేల్చగలిగిన పిల్లలు 0.14 శాతం. అదే పరిశోధనలో హాంకాంగ్ పిల్లల్లో అది 1.5 శాతం, అంటే పదింతలు. హిందూపురం నుంచి బెంగళూరు నూరు కిలోమీటర్లే. తిండి అలవాట్లలో మనకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు. కాబట్టి మన పిల్లల్లోనూ వెయ్యికి ఒకరో ఇద్దరో ఉంటారని అనుకోవచ్చు. తక్కువే. అయితే 2011 జనాభా లెక్కల నాటికే హిందూపురం లక్షన్నర మంది ఉన్న ఊరు. అందులో పిల్లలు ముప్పై అయిదు వేలమంది అనుకుంటే, ఆ నిష్పత్తి ప్రకారమే దాదాపు యాభైమంది పిల్లలు ఆ ఒక్క ఊళ్లోనే ఉండాలి. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఏడాదికి ఎన్నో పుట్టినరోజులకు వెళ్తారు, లేదా వెళ్లకుండా ఆగిపోతారు.

పైగా అతిథులు మారుతున్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కొరియా కుటుంబాలు, ఇతర రాష్ట్రాల కుటుంబాలు కాపురముంటున్నాయి. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇంటి కూతురో కొడుకో అమెరికాలో ఉండటం ఇప్పుడు వింత కాదు. ఆ దేశంలో 2021లో ప్రభుత్వం తీసిన లెక్క ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల్లో 5.8 శాతం మందికి ఆహార అలర్జీ ఉంది. సెలవులకు అవ్వ దగ్గరికి వచ్చిన మనవడి పుట్టినరోజు ఇక్కడే జరిగితే, ఆ ఇంట్లో వండేవాళ్లకు ఈ విషయం తెలిసి తీరాలి. అరుదైనదన్న మాటలోనే ఇంకో ప్రమాదమూ ఉంది. న్యూయార్క్‌లో బడి టీచరుకూ బేకరీవాడికీ ఈ జబ్బు తెలుసు. ఇక్కడ చూసినవాళ్లు తక్కువ గనక, దద్దుర్లు లేస్తే వేడి చేసిందంటారు, వాంతి అయితే కేకు ఎక్కువ తిన్నాడంటారు. అలా తెలియక పోయే పది నిమిషాలే చాలా ఖరీదైనవి.

రెండో అభ్యంతరం పెద్దవాళ్ల నుంచి వస్తుంది. మా కాలంలో ఇవేవీ లేవు, కొంచెం కొంచెం తినిపిస్తే అదే అలవాటవుతుంది అంటారు. ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని ఒప్పుకోవాలి. ఇంగ్లండులోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ 1.85 శాతం ఉంటే, అదే జాతి పిల్లల్లో ఇజ్రాయెల్‌లో 0.17 శాతమే ఉందని 2008లో తేలింది. ఇజ్రాయెల్‌లో పసివాళ్లకు వేరుశనగతో చేసిన చిరుతిండి చిన్నప్పుడే పెడతారు. దాన్ని పట్టుకుని లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన గిడియన్ లాక్ బృందం 640 మంది శిశువులమీద పరిశోధన చేసి 2015లో ఫలితాలు ప్రకటించింది. ఏడాది లోపు నుంచే వేరుశనగ తిన్న శిశువుల్లో అయిదేళ్లకు ఆ అలర్జీ 81 శాతం తగ్గింది. అంటే ఏడాది లోపు బిడ్డకు చెనక్కాయ పొడి అన్నంలో కలిపి పెట్టే మన అవ్వల పద్ధతి మంచిదే. కానీ ఆ పరిశోధన చెప్పింది అలర్జీ రాకుండా ఆపడం గురించి. వచ్చేసిన బిడ్డకు అది వర్తించదు. వచ్చిన తర్వాత కొంచెం కొంచెం ఇస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే 1902కు వెళ్లాలి. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే శాస్త్రజ్ఞులు సముద్రజీవి విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఎక్కించి, ఆ విషాన్ని తట్టుకునేలా చేయాలని చూశారు. జరిగింది తలకిందులు: మొదటిసారి బాగానే ఉన్న కుక్కలు కొన్ని వారాల తర్వాత అతిచిన్న మోతాదుకే నిమిషాల్లో చనిపోయాయి. అనాఫిలాక్సిస్ అన్న పేరు రిషే పెట్టిందే, ఆ పనికే ఆయనకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు వేరుశనగను కొలిచిన మోతాదుల్లో ఇచ్చి అలర్జీని తగ్గించే చికిత్స ఉన్నమాట నిజం. అది ఆస్పత్రిలో, డాక్టరు కళ్లముందు, నెలల తరబడి సాగే చికిత్స. పుట్టినరోజు సందట్లో ఒక పెద్దావిడ ప్రేమగా నోట్లో పెట్టే ముద్దకూ దానికీ పోలికే లేదు.

ఇక మన ప్రాంతపు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లా దేశంలోనే వేరుశనగకు పేరుపడ్డ నేల. 2022లో కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని కదిరిలో ఆ పంటకే పరిశోధన కేంద్రం ఉంది, కదిరి-6 లాంటి రకాలు అక్కడి నుంచే వచ్చాయి. కాబట్టి చెనక్కాయ ఇక్కడి ప్రతి వంటలోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. చట్నీలో కనిపిస్తుంది, చిక్కీలో కనిపిస్తుంది, బడి భోజనంతో ఇచ్చే చిక్కీలోనూ అదే. ఆ కనిపించేవాటితో పెద్ద బాధ లేదు. గుత్తివంకాయ కూరలో నువ్వులతో కలిపి రుబ్బిన ముద్దగా, కారంబొరుగుల్లో పలుకులుగా, ఓళిగల పక్కన పెట్టిన పొడిగా ఉన్నప్పుడు కళ్లకు ఆనదు. అన్నిటికన్నా కనిపించనిది నూనె. ఇక్కడ ఒక తేడా తెలిసి ఉండాలి. 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధనలో వేరుశనగ అలర్జీ ఉన్న 60 మందికి శుద్ధి చేసిన వేరుశనగ నూనె, శుద్ధి చేయని వేరుశనగ నూనె రెండూ ఇచ్చి చూశారు. శుద్ధి చేసిన నూనెతో ఒక్కరికీ ఏమీ కాలేదు. శుద్ధి చేయని నూనెతో ఆరుగురికి లక్షణాలు కనిపించాయి. ఫ్యాక్టరీలో శుద్ధి చేసినప్పుడు ప్రోటీను దాదాపు అంతా పోతుంది, గానుగ నూనెలో అది మిగిలి ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు చాలా ఇళ్లలో మళ్లీ గానుగ నూనె తెచ్చుకుంటున్నారు. మీ ఇంటికి అది మంచిదే కావచ్చు. ఆ ఒక్క పూట వంటకు మాత్రం పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు కొనండి. ఉడకబెట్టిన కాయలైతే ఏమీ కాదన్న నమ్మకం కూడా కొందరికి ఉంది. వేయించిన గింజకన్నా ఉడికిన గింజలో అలర్జీ కలిగించే గుణం కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలిందిగానీ, తగ్గడం వేరు, పోవడం వేరు.

కేకు విషయంలో మరో రకం పొరపాటు జరుగుతుంది. గుడ్డు పడని బిడ్డ ఉందంటే ఎగ్‌లెస్ కేకు తెప్పిస్తారు. అది సరైన పనే, మన బేకరీల్లో ఎగ్‌లెస్ కేకు ఎప్పుడు అడిగినా దొరుకుతుంది. కానీ గుడ్డు తీసేసిన చోట బేకరీవాళ్లు ఎక్కువగా వాడేది కండెన్స్‌డ్ మిల్క్, పెరుగు, పాలపొడి. కాబట్టి పాలు పడని బిడ్డకు ఎగ్‌లెస్ కేకు మామూలు కేకుకన్నా కూడా చెడ్డది. ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ గుర్తును నమ్ముకోవడమూ ఇలాంటిదే. ఆ గుర్తుంటే మాంసం, గుడ్డు వాడలేదన్నంతవరకే అర్థం. పాలు, జీడిపప్పు, చెనక్కాయ అన్నీ ఆకుపచ్చ గుర్తు కిందనే ఉంటాయి. చదవాల్సింది దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉండే వాక్యం. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, జీడిపప్పు బాదం లాంటి గింజలు, సోయా ఉంటే ప్యాకెట్టుమీద విడిగా రాసి తీరాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు. అమెరికా మాత్రం 2023 జనవరి నుంచి నువ్వులను కూడా రాయమంటోంది. ఇక హోటళ్లు, బేకరీల్లో అలర్జీ సమాచారం ప్రదర్శించాలన్న నియమం పది లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్నవాటిలాంటి పెద్ద సంస్థలకే. మన వీధి చివర బేకరీ, కవర్లో పోసి పిన్ను కొట్టి ఇచ్చే మిక్చరు దుకాణం ఆ నియమంలోకి రావు. అందుకే లేబుల్ లేని ప్రతి వస్తువుకూ నోటితో అడిగి తెలుసుకోవడం ఒక్కటే మార్గం. బడిలో పుట్టినరోజుకు పంచే చాక్లెట్ల విషయంలో అయితే టీచరు ఒకసారి ప్యాకెట్టు చదివితే చాలు.

ఇప్పుడు వేరే పళ్లెం సంగతి. ఆ బిడ్డ తల్లిదండ్రులే డబ్బాలో ఏదో తెచ్చి పెట్టుకోవచ్చు కదా, నలభైమంది పిల్లలు ఒక్కరికోసం ఎందుకు తగ్గించుకోవాలి అన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. దీనికి మొదటి జవాబు భద్రత నుంచే వస్తుంది. మన పుట్టినరోజుల్లో తిండి పళ్లెంలో ఆగదు. కేకు కోసిన బిడ్డ అందరి నోట్లోనూ ముక్క పెడుతుంది, అత్తలు, పిన్నమ్మలు పిల్లలకు తినిపిస్తారు, చివర్లో క్రీము మొహాలకు పూస్తారు. ఆ క్రీము చేతులు బెలూన్లమీదికీ బొమ్మలమీదికీ, పక్కబిడ్డ బుగ్గలమీదికీ పోతాయి. మూల కూర్చుని తన డబ్బాలోది తింటున్న బిడ్డ నోటికి ఇవేవీ చేరవని ఎవరు చెప్పగలరు? పాలూ గుడ్డూ పడని బిడ్డ విషయంలో మొహానికి పూసిన క్రీము కనురెప్పలమీదికీ పెదవులమీదికీ పోతుందని గుర్తుంచుకోవాలి. అందరి వంటలోనూ ఆ వస్తువు లేకపోతే ఈ దారులన్నీ ఒక్కసారే మూసుకుంటాయి. వేరే పళ్లెం పెడితే ఆ రెండు గంటలూ ఒక మనిషి కాపలా ఉండాల్సిందే.

రెండో జవాబు ఆ బిడ్డ మనసు గురించి. అమెరికాలో ఆహార అలర్జీ ఉన్న పిల్లల కుటుంబాలమీద జరిగి 2013లో వెలువడిన ఒక పరిశోధనలో 31.5 శాతం పిల్లలు తమను ఆ అలర్జీ పేరుతోనే ఏడిపించారని చెప్పారు. వాళ్లలో చాలామంది ఇంట్లో చెప్పుకోనే లేదు. మన పిల్లలు అంతకన్నా మంచివాళ్లనో చెడ్డవాళ్లనో అనడానికి ఆధారం లేదు. ఎనిమిదేళ్ల బిడ్డకు అందరితో కలిసి కూర్చుని అదే పళ్లెంలోది తినడం ఎంత ముఖ్యమో చెప్పడానికి పరిశోధన అవసరం కూడా లేదు.

మూడో జవాబు మన అలవాట్లలోనే ఉంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు వస్తున్నారంటే ఆ రోజు ఇంట్లో మాంసం వండరు. వేరే పొయ్యిమీద వేరే గిన్నె పెట్టి సరిపెట్టరు. ముస్లిం స్నేహితుల కుటుంబం వస్తోందంటే మాంసం ఎక్కడ తెచ్చారో ముందే చెబుతారు. ఉల్లి, వెల్లుల్లి తినని పెద్దలు పంక్తిలో ఉంటే వంటమాస్టరుకు ముందురోజే చెప్పి, మొత్తం కూర అవి లేకుండా చేయిస్తారు. అప్పుడు నలభైమంది తగ్గించుకున్నారని ఎవరూ అనరు. నమ్మకాన్ని ఇంతగా గౌరవించే ఇళ్లకు, ఒక బిడ్డ ప్రాణానికి అదే గౌరవం ఇవ్వడం కొత్తగా నేర్పాల్సిన పని కాదు. పోయేది కూడా ఏమంత లేదు. చిత్రాన్నంలో చెనక్కాయ గింజలకు బదులు శనగపప్పు, మినప్పప్పు కాస్త ఎక్కువ వేస్తే రుచి తగ్గదు. అయితే శనగ కూడా పడని పిల్లలు మన దేశంలో ఉన్నారని, దాన్ని ముఖ్యమైన అలర్జీ కారకంగా లెక్కించాలని 2001లోనే భారతీయ పరిశోధకులు రాశారు గనక, ఏం పడదో ముందు అడిగి తెలుసుకున్నాకే ఏది మార్చాలో నిర్ణయించాలి. మిక్చరు బదులు మొక్కజొన్న పేలాలు. ఇడ్లీలు, టమాటా చట్నీ. ఈ జిల్లా తోటల్లో పండే చీనీకాయల రసం, వలిచిన దానిమ్మ గింజలు, కర్బూజా ముక్కలు. హిందూపురం బెల్లం వేసి కొబ్బరిపాలతో చేసిన పాయసం. ఆ కేకు కూడా కావాల్సిందేనంటే, బేకరీవాళ్లకు పొద్దున మొదటి పనిగా, కడిగిన గిన్నెలో, కడిగిన కత్తితో చేయమని చెప్పి రెండు రోజుల ముందు ఆర్డరివ్వండి. కుదరదని వాళ్లు నిజాయితీగా చెబితే ఆ మాటకు కృతజ్ఞతలు చెప్పి, కొవ్వొత్తి పండ్ల పళ్లెంమీద వెలిగించండి.

ఇంతదూరం వచ్చాక కొందరు అవతలి కొసకు పోతారు. చెనక్కాయ ఇంట్లో ఉంటేనే ప్రమాదమా, వాసన తగిలినా ప్రమాదమా అని భయపడి, అసలు ఆ బిడ్డను పిలవకపోవడమే మేలనుకుంటారు. ఈ భయానికి ఆధారం తక్కువ. న్యూయార్క్‌లో తీవ్రమైన వేరుశనగ అలర్జీ ఉన్న 30 మంది పిల్లలకు వేరుశనగ వెన్నను చర్మానికి తాకించి, పది నిమిషాలు వాసన చూపించి పరీక్షించారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల్లో తాకిన చోట కొందరికి ఎర్రబడటం తప్ప ఒక్కరికీ ఊపిరాడని స్థితి రాలేదు. నోటిలోకి వెళ్లడమే అసలు ప్రమాదం. కాబట్టి వంటింట్లో డబ్బాలో మూతపెట్టిన గింజలు అలాగే ఉండనివ్వండి. చేయాల్సిందల్లా ఆ పూట వండకపోవడం, వడ్డించకపోవడం, చేతులు కడగడం. చేతుల విషయంలో ఒక వివరం ఉంది: వేరుశనగ అలర్జీ కారకం సబ్బు, నీళ్లతో కడిగితే చేతినుంచి పోయిందనీ, ఉత్తనీళ్లతోనూ శానిటైజరుతోనూ కొందరి చేతులమీద మిగిలిందనీ 2004లో అమెరికా పరిశోధకులు చూపించారు. కరోనా తర్వాత మనం శానిటైజరు సీసాను బాగా నమ్ముతున్నాం. సూక్ష్మక్రిములకు పనికొచ్చినట్టు అది ప్రోటీనుకు పనికిరాదు.

మరి ప్రతివాళ్లూ తమ బిడ్డకు అది పడదు, ఇది పడదు అంటుంటే అందరి మాటా వినాలా? ఇదీ న్యాయమైన ప్రశ్నే. రక్తపరీక్షలోనో చర్మపరీక్షలోనో పాజిటివ్ వచ్చినంతమాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. కర్ణాటకలోనే పెద్దవాళ్లమీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో పరీక్షకు స్పందించినవాళ్లు 26.5 శాతం ఉంటే, తిన్నప్పుడు లక్షణాలు కూడా వస్తున్నాయని చెప్పినవాళ్లు 1.2 శాతమే. అనవసరంగా పాలూ గుడ్డూ మాన్పించి బిడ్డ ఎదుగుదల దెబ్బతీసుకుంటున్న తల్లిదండ్రులు డాక్టరు దగ్గర మళ్లీ తేల్చుకోవాలి. కానీ ఆ తీర్పు చెప్పాల్సింది పార్టీకి పిలిచినవాళ్లు కాదు, అందుకు సమయమూ అది కాదు. మీరు అడగాల్సినవి వేరు: ఏది తింటే ఇబ్బంది? తిన్నప్పుడు ఏమైంది? ఎంతసేపట్లో? ఎప్పుడైనా ఆస్పత్రికి తీసుకెళ్లారా? దగ్గర ఏ మందు ఉంచుకుంటారు? కడుపుబ్బరం అని చెబితే ఒక జాగ్రత్త, పెదవులు వాచి ఊపిరి ఆడలేదని చెబితే వేరే జాగ్రత్త. పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే వాళ్లనే నేరుగా అడగండి. తమకు ఏది పడదో చాలామంది స్పష్టంగా చెబుతారు. వాళ్లు వద్దంటే మళ్లీ బలవంతపెట్టవద్దని ఇంట్లో పెద్దవాళ్లకు ముందుగానే చెప్పి ఉంచండి.

ఎంత జాగ్రత్తపడ్డా పొరపాటు జరగవచ్చు. మన ప్రాంతంలో దీని గురించి మరింత తీవ్రంగా ఆలోచించాలి. బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్ మరణాలను పరిశీలించిన రిచర్డ్ పంఫ్రీ 2000లో రాసినదాని ప్రకారం, ఆహారంవల్ల జరిగిన మరణాల్లో తిన్నప్పటినుంచి గుండె లేదా ఊపిరి ఆగడానికి పట్టిన మధ్యస్థ సమయం 30 నిమిషాలు. హిందూపురంలో జిల్లా ఆస్పత్రి, ధర్మవరంలో, పెనుకొండలో ప్రభుత్వ ఆస్పత్రులు ఉన్నాయి. ఊళ్లోనే పార్టీ అయితే ఆ అరగంట చాలవచ్చు. సోమందేపల్లి అవతల పల్లెలోనో తోటలోనో పార్టీ పెట్టుకుంటే దారిలోనే ఆ సమయం అయిపోతుంది. అందుకే లక్షణాలు కనబడగానే ఎవరు 108కు ఫోను చేయాలో, ఎవరి బండి సిద్ధంగా ఉండాలో, ఏ ఆస్పత్రికి వెళ్లాలో ముందే అనుకుని ఉండాలి. అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే, తొడ బయటివైపు కండరంలోకి ఇవ్వాలి. అవిల్, సిట్రజిన్ లాంటివి దురద తగ్గిస్తాయి, ఊపిరిని నిలబెట్టవు; వాటిని వేసి చూద్దామని ఆగకూడదు. పెన్నులా పొడిచే అడ్రినలిన్ సూది విదేశాల్లో తల్లిదండ్రుల సంచిలో ఉంటుంది, మన మందుల షాపుల్లో సాధారణంగా దొరకదు. అడ్రినలిన్ ఆంప్యూలు మాత్రం చాలా చవకది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉండే మందు, టీకాలు వేసే ఏఎన్ఎం కిట్‌లోనూ ఉంటుంది. ప్రమాదం ఎక్కువున్న బిడ్డ తల్లిదండ్రులు డాక్టరును అడిగి మోతాదు రాయించుకుని, ఎలా ఇవ్వాలో నేర్చుకుని ఉండాలి. ఈలోగా బిడ్డను పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచండి, ఊపిరి ఆడక అవస్థపడుతుంటే కూర్చోబెట్టండి, లేపి నడిపించవద్దు. వాంతి చేయించడానికి ప్రయత్నించవద్దు. దిష్టి తీయాలన్న ఆత్రుత సహజం, అది ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక చేసుకోండి. సూది వేయగానే తేరుకున్నా, కొన్ని గంటల తర్వాత లక్షణాలు మళ్లీ రావచ్చు గనక డాక్టరు పంపేదాకా ఆస్పత్రిలోనే ఉంచండి.

ఇన్ని సంగతుల్లో మీరు ఈరోజే చేయగలిగింది ఒకటుంది. మీ బిడ్డ పుట్టినరోజుకు వాట్సాప్‌లో పిలుపు పంపుతారు కదా, సమయం, చోటు రాసిన తర్వాత ఇంకో వాక్యం చేర్చండి: మీ పిల్లలకు పడని తిండి ఏదైనా ఉంటే ముందుగా చెప్పండి, దానికి తగ్గట్టే వండిస్తాం. ఎవరి నుంచీ జవాబు రాకపోతే మీరు కోల్పోయేది లేదు. ఒక్క తల్లి జవాబిస్తే, ఆ సాయంత్రమే ఆమెకు ఫోను చేసి మాట్లాడండి, మరునాడు వంటమాస్టరుకు ఇచ్చే జాబితా ఆమె చెప్పినదాన్నిబట్టి రాయండి.